ఆటిజం ఉన్న పెద్దలకు ఇల్లు: గోడలు ఎంత, మనుషులు ఎంత

ఒంగోలులో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. రెండేళ్ల కిందట ఒక రిటైర్డ్ మాష్టారు గారు తమ ఇంటిపైన పోర్షన్ వేయాలని పిలిచారు. వెళ్లేసరికి హాల్లో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నేల అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఇరవై తొమ్మిదేళ్ల మనిషి బోర్లా పడుకుని, ఎడమ చెంప రాయికి ఆనించి, కిటికీ వెలుతురులో బంగారు చుక్కల్ని చూస్తున్నాడు. తల వేలెడంత జరిపితే కొన్ని చుక్కలు ఆరిపోతాయి, వేరేవి వెలుగుతాయి. మళ్లీ జరుపుతాడు. నేను వచ్చిన సంగతి అతనికి పట్టలేదు.

వాళ్లబ్బాయికి ఆటిజం అని ఫోన్లోనే చెప్పారు కాబట్టి నేను నాలుగు సంగతులు చదువుకునే వెళ్లాను. మెరిసే నేల కళ్లకు ఇబ్బంది, మ్యాట్ ఫినిష్ మంచిది అని ఎక్కడ చూసినా ఉంది. అదే చెప్పాను. వాళ్లమ్మగారు నవ్వారు. "అది తీసేస్తే ఎట్టా నాయనా? అదే మావోడి టీవీ."

ఆ ఇంటి పని తర్వాత ఇంకో రెండు కుటుంబాలు ఇదే అడగడానికి వచ్చాయి. ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే: "మేం పోయాక వీడెక్కడుంటాడు?" దీనికి జవాబు అంటూ ఫోన్లలో బ్రోచర్లు కూడా తిరుగుతున్నాయి. గ్రూప్ హోమ్, అసిస్టెడ్ లివింగ్, స్పెషల్ నీడ్స్ విల్లా, ఫామ్ కమ్యూనిటీ అని రకరకాల పేర్లు. ఏ పేరు వెనక ఏముందో, ఇంటి డిజైన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో విడదీసి చూద్దాం.

పిల్లల సమస్య అనుకుంటే వచ్చే చిక్కు

ఆటిజం జబ్బు కాదు, పిచ్చి అంతకన్నా కాదు. మెదడు మొదటినుంచీ వేరే తీరులో ఎదగడం. మాట, మనుషులతో మెలిగే పద్ధతి, ఒకే పనిని ఒకేలా చేయాలన్న పట్టు, శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ ఒంటికి తగిలే తీరు, ఇవన్నీ మిగతావాళ్ల కంటే తేడాగా ఉంటాయి. బుద్ధిమాంద్యం వేరే సంగతి. కొందరికి రెండూ ఉంటాయి, అందరికీ కాదు. మూర్ఛ రావడం మాత్రం మామూలు జనంలో కంటే వీళ్లలో ఎక్కువ. బాత్‌రూమ్ తలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఈ ముక్క మళ్లీ గుర్తు చేస్తాను.

ఆటిజాన్ని స్పెక్ట్రమ్ అంటారు. ఆ మాట వినగానే మనకు కొంచెం, మధ్యస్థం, ఎక్కువ అని ఒక గీత తోస్తుంది. అసలు సంగతి అలా ఉండదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషి కుక్కర్ విజిల్‌కు వణికిపోవచ్చు. ఒక్క మాటా మాట్లాడని మనిషి తన పక్క తానే మడత నలగకుండా సర్దుకోవచ్చు. అందుకే 'ఆటిజం ఇల్లు' అని ఒకే నమూనా ఉండదు. ఉందని అమ్మేవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2021 నాటికి దాదాపు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. అయినా థెరపీ సెంటర్ల బోర్డుల మీద కనిపించేది పసిపిల్లల బొమ్మలే. ఆ పిల్లలు పెరిగి ముప్పై, నలభై, అరవై ఏళ్ల వాళ్లవుతారు. మాష్టారి గారబ్బాయిని వీధి వీధంతా ఇంకా 'బాబు' అనే పిలుస్తుంది. పై పోర్షన్‌లో అతని గదికి ఏనుగుల వాల్‌పేపర్ వేయిద్దామని ఒక బంధువు సలహా ఇచ్చాడు. గడ్డం గీసుకునే మనిషి గదికి ఏనుగులెందుకు?

'తట్టుకోలేకపోవడం' వెనక ఏం జరుగుతుంది

మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు వాడే పుస్తకం, 2013లో వెలువడిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ డీఎస్ఎమ్-5, మొదటిసారిగా ఇంద్రియాల తేడాను ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చింది. ఆ తేడా రెండు వైపులా ఉంటుంది. కొన్ని అనుభూతులు మోతాదుకు మించి తగులుతాయి, కొన్ని అసలు చాలవు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకునే మనిషే ఉయ్యాలబల్ల మీద గంటసేపు దిగకుండా ఊగొచ్చు. ఒంటికి ఆ కదలిక కావాలి మరి. ఈ ఒక్క సంగతిలో పాతకాలపు ఇళ్లు మనకంటే తెలివైనవి. గొలుసులతో టేకు బల్ల వేలాడదీసుకునేవాళ్లు. ఇప్పుడు వేయాలంటే శ్లాబు పోసేటప్పుడే కొక్కేన్ని కడ్డీలకు కట్టి పోయించాలి. ఎనభై కిలోల మనిషి ఊగితే పడే బరువు ఎనభై కిలోలతో ఆగదు. తర్వాత డ్రిల్ చేసి బోల్టు బిగిస్తామంటే నేను ఒప్పుకోను.

పట్టించుకోవలసిన రెండో సంగతి, ముందే తెలియడం. మాష్టారి ఇల్లు చెన్నై–విజయవాడ రైలు మార్గానికి దగ్గర. గూడ్సు బండి పోతుంటే కిటికీ అద్దాలు అదురుతాయి. అబ్బాయి తలెత్తడు. కుక్కర్ మూడో విజిల్‌కు మాత్రం చెవుల్లో వేళ్లు పెట్టుకుని వీధిలోకి పోతాడు. ముందు నాకు అర్థం కాలేదు. రైలు దూరం నుంచి కూత వేసుకుంటూ, పెరుగుతూ, తగ్గుతూ పోతుంది. విజిల్ ఏ క్షణాన వస్తుందో తెలియదు. ఎంత పెద్ద శబ్దం అన్నది సగం లెక్కే. ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మిగతా సగం.

మూడోది, తన చేతిలో ఉండటం. ఫ్యాన్ స్విచ్ తనకు అందితే, తలుపు తాను వేసుకోగలిగితే, అదే శబ్దం తక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇది మనకీ అంతే. పక్కింటివాళ్ల పాటల హోరు, మనం పెట్టుకున్న పాటల హోరు ఒకేలా ఉంటాయా?

శబ్దం: ఆపడం వేరు, పీల్చడం వేరు

ఇంటి డిజైన్‌లో అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఒక గది శబ్దం పక్క గదికి పోకుండా ఆపడం ఒక పని. గదిలో పుట్టిన శబ్దం ప్రతిధ్వనించకుండా పీల్చుకోవడం ఇంకో పని. రెంటికీ వాడే సరుకులు వేరు.

ఆపడానికి కావలసింది బరువు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కంటే తొమ్మిది అంగుళాల గోడ ఎక్కువ ఆపుతుంది. కానీ గోడ ఎంత లావుగా కట్టినా, తలుపు కింద అంగుళం సందు ఉంటే శబ్దం అందులోంచే వచ్చేస్తుంది. గోడ మీద పెట్టిన ఖర్చు నీళ్లపాలు. చాలా ఇళ్లలో నేను మొదట చేయించేది తలుపు కిందా పక్కలా రబ్బరు పట్టీ వేయించడమే.

పీల్చడానికి కావలసింది మెత్తదనం. నున్నటి గ్రానైట్ తన మీద పడిన శబ్దాన్ని దాదాపు మొత్తం తిప్పికొడుతుంది. గ్రానైట్ నేల, పుట్టీ పెట్టిన గోడలు, కాంక్రీటు శ్లాబు, గాజు టీపాయ్ ఉన్న హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, తోక ఒకటి గదిలో తిరుగుతూ వినిపిస్తుంది. నలుగురు మాట్లాడితే ఆ తోకలన్నీ కలిసిపోయి, ఏ మాట ఎవరిదో విడదీసుకోలేని రొద అవుతుంది. బరువైన కర్టెన్లు, బొంత, దూది పరుపు, పుస్తకాల అర దాన్ని తగ్గిస్తాయి. గోడలకు గుడ్ల అట్టలు అంటించే పద్ధతి ఒకటి ఎవరు మొదలుపెట్టారో గానీ మానడం లేదు. వాటికి బరువూ లేదు, తగినంత మందమూ లేదు. పక్కింటి శబ్దాన్ని ఆపవు, పైగా దుమ్ము పడతాయి.

అన్నిటికంటే చవకైన పద్ధతి కాగితం మీదే ఉంది. పడకగదిని వంటింటికీ, నీళ్ల మోటారుకీ, లిఫ్టుకీ దూరంగా గీయడం. మధ్యలో బీరువాల గోడో, స్టోర్ రూమో పెడితే అదే అడ్డు. ఇక్కడే వాస్తు సిద్ధాంతి గారు వస్తారు. ఆ మూల పడకగది కూడదంటారు, ఈ మూల వంటిల్లు తప్పదంటారు. వాదించి లాభం లేదు. ఆయన ఒప్పుకునే మూలల్లోనే నిశ్శబ్దమైనది ఏదో వెతుక్కోవడం నా పనిలో భాగం అయిపోయింది.

వెలుతురు, వాసన, రంగు

పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మినుకుతుంది. మన కరెంటు యాభై హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్క. చాలామందికి కనిపించదు, కొందరికి తల పోటెత్తుతుంది. ఎల్ఈడీ వేశాం కదా అనుకోవడానికి లేదు. చవక డ్రైవర్ (బల్బు లోపల కరెంటును సర్దే సర్క్యూట్) ఉన్న ఎల్ఈడీ కూడా అలాగే మినుకుతుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే వెలుతురు కొట్టుకోవడం కంటికే తెలుస్తుంది. ఆటిజం ఉన్న అందరికీ ఇది పడదని తేలలేదు. ఒక మనిషికి పడుతుందో లేదో వారం రోజులు వేరే బల్బు పెట్టి చూడటానికి మాత్రం పెద్ద ఖర్చు అవ్వదు.

వాసన సంగతికి వస్తే, ఈమధ్య అందరూ అడిగే ఓపెన్ కిచెన్ ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ఎండుచేపలు వేయించిన రోజు ఆ వాసన హాల్లో సోఫా దాకా కూర్చుంటుంది. పెరట్లోకి విడిగా ఉండే పాత వంటిళ్లకి ఆ గొడవ లేదు. తలుపున్న వంటిల్లు, బయటికి గాలి లాగే ఫ్యాను చాలు.

రంగుల మీద జరిగే ప్రచారం మాత్రం మోతాదు మించింది. నీలం ప్రశాంతం, ఎరుపు కోపం అని గోడల రంగు పట్టికలు ఇస్తారు. దానికి గట్టి ఆధారం లేదు. ఆ మనిషికి నచ్చిన రంగు ఆ మనిషి గదికి వేయడమే.

అరుగు ఎందుకుండేదో

కైరోలోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఈజిప్టు ఆర్కిటెక్ట్ మగ్దా మొస్తఫా ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు. ఆటిజం ఉన్నవాళ్ల కోసం కట్టే కట్టడాలకు ఆమె ఏడు సూత్రాలు చెప్పింది. శబ్దాన్ని అదుపు చేయడం, గదులు రోజువారీ పనుల వరసలో ఉండటం, తప్పించుకుని కూర్చునే చోటు, ఒక్కో పనికి ఒక్కో విడి జాగా, ఒక వాతావరణం నుంచి ఇంకోదానికి మెల్లగా మారే మధ్య జాగా, సందడి గదులనూ నెమ్మది గదులనూ విడదీయడం, చివరిగా భద్రత.

ఇందులో ఐదోది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఇల్లు గుర్తొచ్చింది. వీధి, అరుగు, గడప, వసారా, ఆ తర్వాత ఇల్లు. ఎండలోంచి వచ్చినవాడు అరుగు మీద చెప్పులు విడిచి, వసారాలో కాళ్లు కడుక్కుని, కళ్లు నీడకు అలవాటు పడ్డాక లోపలికి వెళ్లేవాడు. ఇప్పుడు వీధి తలుపు తీస్తే నేరుగా టీవీ ముందు తేలుతున్నాం. మాష్టారి పై పోర్షన్‌కు మెట్ల దగ్గర ఆరడుగుల వసారా ఒకటి వచ్చింది. అక్కడొక బల్ల, చెప్పుల అర, ఒక చిన్న కిటికీ. బయటి నుంచి వచ్చాక అబ్బాయి అక్కడ పది నిమిషాలు కూర్చుంటాడు. ఎవరూ పలకరించరు.

వరస అన్న సూత్రం దగ్గర నేను తప్పు చేశాను. మొదటి ప్లాన్‌లో హాలుకూ వెనక బాల్కనీకీ మధ్య ఒక గోడ గీశాను, పూజ గది కోసం. కింద ఇంట్లో అతను పొద్దున పదకొండుకు వీధి వరండా నుంచి పెరటి దాకా పదహారు అడుగులు వేసి, గోడ ముట్టుకుని తిరిగొస్తాడు. నలభై సార్లు. నేను గీసిన గోడ సరిగ్గా ఆ దారికి అడ్డంగా పడింది. వాళ్లమ్మగారు ప్లాన్ మీద వేలు పెట్టి, "ఈడ తిరిగేదెట్టా?" అన్నారు. పూజ గది అల్మారాలోకి మారింది.

నెమ్మది ఇల్లా, మామూలు ఇల్లా

మొస్తఫా దారికి ఎదురు వాదన కూడా ఉంది. బయటి లోకం మెత్తగా ఉండదు కదా, ఇంట్లో అన్నీ తగ్గించేస్తే బస్టాండుకు ఎలా వెళ్తాడు, బ్యాంకులో ఎలా నిలబడతాడు అని. మామూలు ఇంట్లో, మామూలు చప్పుళ్ల మధ్య మెలగడమే నేర్పు అని వాళ్లంటారు. ఈ మాటలో నిజం ఉంది. అలవాటైన ఒక్క గదిలోనే ఒదిగిపోయి, ఇంకో ఇంట్లో ఒక రాత్రి కూడా ఉండలేని స్థితి వస్తే, అమ్మానాన్నలకు ఒంట్లో బాగాలేని రోజున అది పెద్ద ఆపద.

రెండో వైపు వాళ్లు చెప్పేది ఇది. రోజంతా బయట ఓర్చుకున్న మనిషి ఇంటికొచ్చాక కూడా ఓర్చుకోవాలా? ఆఫీసు నుంచి వచ్చి మనం చొక్కా విప్పేస్తాం, కాళ్లు చాపుకుంటాం. అయితే మొస్తఫా తొలి అధ్యయనం పిల్లల తరగతి గదుల్లో జరిగింది. బడిలో నేర్చుకోవడానికి పనికొచ్చిన సూత్రం నలభై ఏళ్ల మనిషి బతికే ఇంటికి యథాతథంగా అతుకుతుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. పెద్దల ఇళ్ల మీద జరిగిన పరిశోధన పిల్లల మీద జరిగినదాంట్లో చిన్న వంతు.

నేను చూసినంతలో చాలా ఇళ్లు మధ్యస్థంగా స్థిరపడతాయి. ఇల్లు మామూలుదే, అందులో ఒక గది పూర్తిగా నెమ్మదిది. ఆ గదికి తలుపు ఉంటుంది, ఆ తలుపు అతని చేతిలో ఉంటుంది.

గడియ ఎవరి వైపు ఉండాలి

భద్రత అనగానే తల్లిదండ్రులు గ్రిల్లు, తాళం, కెమెరా అంటారు. వాళ్ల భయం ఉత్తది కాదు. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరు చెప్పకుండా వెళ్లిపోతారు, అందులో నీళ్ల వైపు పోయేవాళ్లు ఎక్కువ. మన జిల్లాల్లో నీళ్లకేం కొదవ? రొయ్యల చెరువులు, కాలువలు, కొత్తపట్నం తీరం. అంతెందుకు, ఒంగోలులో కుళాయి నీళ్లు రోజూ రావు కాబట్టి ఇంటింటికీ సంపు ఉంటుంది. దాని మీద చేత్తో లేపగలిగే రేకు మూత. మాష్టారి ఇంట్లో నేను అన్నిటికంటే ముందు మార్పించింది ఆ మూతే.

అయితే తాళం వేసిన ఇంట్లో మంటలు లేస్తే? లోపలి మనిషి తీసుకోలేని తాళం భద్రత కాదు. గేటు దాటితే ఇంట్లో గంట మోగే చిన్న సెన్సర్ వేరు, మనిషిని లోపల పెట్టి వేసిన బయటి గడియ వేరు. మొదటిది ఇంట్లోవాళ్లని లేపుతుంది, రెండోది అతన్ని బంధిస్తుంది. కెమెరా కూడా అంతే. వీధి గుమ్మంలో ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. పడకగదిలో పెడితే, 'నీకు ఎవరైనా అలా పెడితే ఊరుకుంటావా' అని అడగాలి. మూర్ఛలు ఉన్న మనిషి రాత్రుళ్ల సంగతి వేరు. అక్కడ పరుపు కింద పెట్టే కదలిక సెన్సర్ లాంటివి కెమెరా పనిని కొంత చేస్తాయి.

బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటే, మూర్ఛ వచ్చి తలుపుకు అడ్డంగా పడిన మనిషిని బయటికి తీయలేం. బయటికి తెరుచుకోవాలి, గడియను అవసరమైతే బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పగలగాలి. గీజరు వేడి తగ్గించి పెట్టాలి, ఎందుకంటే కొందరికి కాలిన నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. షాకు కొట్టకుండా, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించాలి. ఇక తుపాను రోజుల్లో కరెంటు పోతే ఫ్యాను, లైటు, టీవీ అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి, రోజు వరస మొత్తం తారుమారవుతుంది. అతని గది ఫ్యానుకు ఇన్వర్టర్ లైను విడిగా లాగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎక్కడ, ఎవరితో

ఇప్పుడు బ్రోచర్ల పేర్లకి వద్దాం. రకాలు చాలా ఉన్నా, అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఇల్లు ఎవరిది? ఆసరా ఎవరిస్తారు? రెండూ ఒకరి చేతిలోనే ఉంటే, సేవ నచ్చకపోతే ఇల్లు కూడా ఖాళీ చేయాలి. వేర్వేరుగా ఉంటే కేర్‌టేకర్ మారినా మనిషి తన గదిలోనే ఉంటాడు.

గ్రూప్ హోమ్ అంటే కొద్దిమంది ఒకే ఇంట్లో ఉండి, పనివాళ్ల ఖర్చు పంచుకోవడం. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఈ తరహా హోములకు ఘరౌందా పేరుతో పథకం పెట్టింది. ఫామ్ కమ్యూనిటీ అంటే ఊరి బయట పొలం, పశువులు, అక్కడే ఇళ్లు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1983లో మొదలైన బిటర్‌స్వీట్ ఫామ్స్ దీనికి తొలి నమూనాల్లో ఒకటి. కాలిఫోర్నియాలో సొనోమా పట్నం నడిబొడ్డున 2013లో తెరిచిన స్వీట్‌వాటర్ స్పెక్ట్రమ్ మధ్యరకం: నాలుగు ఇళ్లు, ఇంటికి నలుగురు, మొత్తం పదహారు మంది, నడిచి బజారుకు వెళ్లేంత దూరంలో.

పొలం నమూనాను తల్లిదండ్రులు ఇష్టపడతారు. విశాలం, నిశ్శబ్దం, చేతికి పని. ఆటిజం ఉన్న పెద్దలే నడుపుకునే హక్కుల సంఘాలు మాత్రం దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాయి. అందమైన చోట కట్టినా, ఒకే వైకల్యం ఉన్నవాళ్లందరినీ ఊరికి దూరంగా ఉంచితే అది పాత ఆశ్రమమే అని వాళ్ల వాదన. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 19వ అధికరణం కూడా, ఎక్కడ ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు దివ్యాంగులకు ఉందనే చెబుతుంది. తల్లిదండ్రులు దానికి అడిగే ఎదురు ప్రశ్న: ఊళ్లో పెడితే పక్కింటివాళ్లు బతకనిస్తారా? అరుపు వినపడగానే ఇల్లు ఖాళీ చేయమన్న ఓనర్ల సంగతి నాకు తెలుసు. రెండు వైపులా చెప్పేది అనుభవంలోంచి వచ్చినదే.

మన దగ్గర ఎక్కువమందికి అందేది ఈ పేర్లేవీ లేని నాలుగో దారి. ఉన్న ఇంట్లోనే పైనో పక్కనో విడి పోర్షన్, కింద అన్నయ్యో అక్కయ్యో. దీనిలో చిక్కు ఏమిటంటే భారం మాట్లాడుకోకుండానే తోబుట్టువు మీద పడుతుంది. మాష్టారి కూతురు చెన్నైలో ఉంటుంది. "తమ్ముడి కోసం ఒంగోలు వస్తావా అని ఎవరూ నన్ను అడగలేదు సార్, వస్తాననే అనుకున్నారు" అని నాతో అంది. అప్పటికి శ్లాబు పోసేశాం.

168 గంటల లెక్క

బ్రోచర్లు చూపించేది గోడలు. ఖర్చు దాక్కుని ఉండేది మనుషుల్లో. వారానికి 168 గంటలు. ఒక పనిమనిషి వారానికి 48 గంటలు చేస్తే, ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉండటానికి 168ని 48తో భాగించాలి. మూడున్నర వస్తుంది. సెలవులు, జ్వరాలు, పండగలు కలిపితే నలుగురు. ఇది ఒక్క కుర్చీ ఖాళీ కాకుండా చూసే లెక్కే.

జీతం తలా 15,000 అనుకుందాం. నెలకు 60,000. నలుగురు ఉండే ఇంట్లో పంచితే ఒక్కొక్కరికి 15,000. తిండి, కరెంటు, మందులు, రిపేర్లకు ఇంకో 8,000 వేస్తే 23,000. రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 6,000. మిగతా 17,000 ప్రతి నెలా, అమ్మానాన్నలు లేని ముప్పై ఏళ్లూ, ఎక్కడి నుంచో రావాలి. నలుగురి బదులు ఎనిమిది మందిని పెడితే తలకు పడే జీతం సగమవుతుంది. కానీ ఎనిమిది మంది ఇంట్లో ఒక్కరే పనిమనిషి అంటే అన్నం, మందులు తప్ప ఇంకేం జరగదు, సందడి రెట్టింపు. హోములు పెద్దవి కావడానికీ, పెద్దవయ్యాక హాస్టళ్లలా మారడానికీ కారణం దుర్బుద్ధి కానక్కర్లేదు, చాలాసార్లు ఈ భాగాహారమే.

డిజైన్ అసలు విలువ తెలిసేది ఇక్కడే. తన అన్నం తానే పెట్టుకోగలిగేలా తెరిచి ఉన్న అరలు, మరిచిపోతే తనంతట తానే ఆగిపోయే ఇండక్షన్ పొయ్యి, ఏ తలుపు వెనక ఏముందో చెప్పే బొమ్మలు, ఇవి ఉంటే ఇరవై నాలుగు గంటల మనిషి బదులు పన్నెండు గంటల మనిషి సరిపోయే అవకాశం ఉంది. రెండున్నర లక్షల పని నెలకు కొన్ని వేల జీతాన్ని మిగల్చవచ్చు. అందరి విషయంలో కాదు. రాత్రీపగలూ మనిషి కావలసినవాళ్లకు ఏ డిజైనూ మనిషి బదులు నిలవదు.

కాగితాలు

పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులు తమంతట తామే చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. ఈ ముక్క వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. ఆటిజం విషయంలో 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ నాయకత్వంలోని స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆస్తి చూసే సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా లెక్కలు ఇవ్వాలి. 2016 చట్టం ఇంకో దారి చూపింది: మొత్తం అధికారం చేతికివ్వకుండా, కావలసిన నిర్ణయంలో, కావలసినంత కాలం కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షణ. మొదటిది బ్యాంకు పనులకు సులువు. రెండోది మనిషి మాటకు విలువిస్తుంది. రెండు చట్టాలూ పక్కపక్కనే అమల్లో ఉండటం వల్లే లాయర్లు కూడా తలా ఒకటి చెబుతుంటారు. ఇంటిని నేరుగా అతని పేర రాయాలా, తోబుట్టువు పేరనా, 1882 ట్రస్టుల చట్టం కింద ఒక ట్రస్టు పెట్టి అందులో వేయాలా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. వైకల్య సర్టిఫికెట్, దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు లేనిదే వీటిలో చాలావరకు కదలవు. ఏ ఆసరా ఎంత కావాలో అంచనా వేయించుకోవడానికి మన వైపు నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది.

మాష్టారు గారు ట్రస్టు వైపు మొగ్గారు. పై పోర్షన్ పూర్తయ్యాక కూడా అబ్బాయిని వెంటనే పైకి మార్చలేదు. మొదట మధ్యాహ్నం గంట, తర్వాత శనివారం రాత్రి ఒక్కటి. రాత్రి తోడుకు ఒక కేర్‌టేకర్‌ను కుదిర్చారు, అమ్మానాన్నలు కింద ఉన్నారని అబ్బాయికి తెలిసేలా మెట్ల దగ్గర లైటు వేసి ఉంచారు.

నేల సంగతి చెప్పలేదు కదూ. పైన హాలుకు మ్యాట్ టైల్స్ వేసి, అతని గదికి మాత్రం గెలాక్సీ వేద్దామన్నాం. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, ఒక్కో లాటులో ఒక్కోలా ఉంటాయి. కొన్నింట్లో ఒత్తుగా, కొన్నింట్లో అక్కడక్కడా. అందుకని అతన్నే వెంటబెట్టుకుని చీమకుర్తి వెళ్లాం. ఫ్యాక్టరీలో కటింగ్ ఆపిన భోజనాల వేళ. నిలబెట్టిన పలకల మధ్య నుంచి మొదటి రెండూ దాటిపోయాడు. మూడోదాని దగ్గర ఆగి, ఎడమ చెంప ఆనించాడు. పావుగంట అయ్యింది. మేస్త్రీ గడియారం చూసుకున్నాడు. వాళ్లమ్మగారు పలక వెనక చాక్‌పీసుతో రాసున్న లాటు నంబరు కాగితం మీద ఎక్కించుకున్నారు.